యంత్రఘోష – శ్రామికుని చెవి

చెవుడు మన సాహిత్యంలో చాలాకాలంగా హాస్యానికి సరుకు. నాటకంలో చెవిటి ముసలాడు ప్రవేశించగానే ప్రేక్షకులు నవ్వడానికి సిద్ధపడతారు. ఒకటి అడిగితే మరొకటి చెప్పడం అతని పని. సినిమా ఆ పాత్రను రంగస్థలం నుండి యథాతథంగా తీసుకుంది. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అనే సామెతలో కూడా మన సానుభూతి శంఖం ఊదేవాని శ్రమకే గాని ఎదుట కూర్చున్నవానికి కాదు. అతనికి చెవుడు ఎలా వచ్చిందన్న ప్రశ్న ఈ హాస్యంలో ఎక్కడా తలెత్తదు. పుట్టుకతోనో, ముసలితనంతోనో, పూర్వజన్మ కర్మతోనో వచ్చినట్టే లెక్క.

పని చేయడం వల్ల కూడా మనిషికి చెవుడు వస్తుంది. ఈ సంగతి మూడు వందల ఏళ్లకు పైగా అచ్చులో ఉంది. అది రాకుండా ఆపే మార్గాలు కూడా తెలిసినవే. ఐనా కార్ఖానాల్లో చెవులు పోతూనే ఉన్నాయి. ఎవరికీ తెలియకపోవడం వల్ల ఇలా జరుగుతోందని చెప్పడానికి వీల్లేదు. అందరికీ తెలిసిన విషయం కావడం వల్లనే ఇది ఎవరి బాధ్యతా కాకుండా పోయిందని నా వాదం. దానికి ఆధారంగా కొంత చరిత్రను ఇక్కడ పరిశీలిస్తాను. ఈ చరిత్రలో వైద్యులకు, న్యాయమూర్తులకు, యజమానులకు ఉన్నట్టే రచయితలకూ ఒక పాత్ర ఉంది గనుక ఇది సాహిత్య పత్రికలో చర్చించదగిన విషయమే.

వృత్తి వ్యాధుల గురించి సమగ్రంగా రాసిన తొలి వైద్యుడు ఇటలీ దేశస్థుడు బెర్నార్దినో రమజ్జీని. అతని గ్రంథం 1700లో మొదటిసారి, 1713లో మరికొన్ని వృత్తులను చేర్చి రెండవసారి వెలువడింది. వెనిస్ నగరంలో రాగి పనివారంతా ఒకే పేటలో కాపురముండేవారు. రోజంతా రాగిరేకులను సుత్తులతో సాగగొట్టడమే వారి పని. ఆ మోతకు వారి చెవులు దెబ్బతింటాయనీ, వయసు మళ్లేసరికి పూర్తిగా చెవిటివారవుతారనీ రమజ్జీని గమనించాడు. మన ఊళ్లలో కంచరివారి వీధి ఎలా ఉండేదో తెలిసినవారికి ఈ వర్ణన కొత్తగా తోచదు. సుత్తి శబ్దాన్ని బట్టి వీధిని గుర్తుపట్టేవాళ్లం గాని, ఆ సుత్తి పట్టినవాని చెవి గురించి ఆలోచించే అలవాటు మనకు లేదు. రమజ్జీని ఘనత వ్యాధిని కనిపెట్టడంలో లేదు. ఆ పేటవారందరికీ తెలిసిన దానిని అడిగి, విని, రాయడంలో ఉంది. రోగి ఏ వృత్తి చేస్తాడో కూడా వైద్యుడు అడిగి తీరాలని చెప్పినవాడు అతడే.

తరువాత ఆవిరియంత్రాల యుగం వచ్చింది. సుత్తి ఒక మనిషి చేతిలోనిదే, ఐనా అది తాకేది బోలుగా ఉన్న ఇనుప బాయిలరును. కమ్మరుల చెవుడును గురించి 1831లో జాన్ ఫాస్‌బ్రోక్ అనే వైద్యుడు లండన్ నుండి వెలువడే 'లాన్సెట్' పత్రికలో రాశాడు. అసలైన లెక్క తేల్చినవాడు గ్లాస్గో నగరపు చెవి వైద్యుడు థామస్ బార్. 1886లో ప్రచురించిన పరిశోధనలో అతడు 100 మంది బాయిలరు పనివారిని, 100 మంది ఇనుము పోతపోసేవారిని, 100 మంది తపాలా బంట్రోతులను పరీక్షించాడు. అప్పటికి వినికిడి పరీక్షకు విద్యుత్ పరికరాలు విరివిగా వాడుకలో లేవు. గడియారపు టిక్కుటిక్కు చప్పుడు చెవికి ఎంత దూరంలో వినిపిస్తుందో కొలిచాడు. బాయిలరు పనివారిలో సరైన వినికిడి గలవాడు ఒక్కడూ లేడు. రివెట్లు బిగించేటప్పుడు బయటినుండి ఇద్దరు సుత్తితో కొడుతుంటే లోపల ఒకడు ఎదురు పట్టుకొని కూర్చోవాలి. గంట లోపల తల పెట్టి గంట కొట్టించుకోవడంతో సమానమైన పని అది.

ఐతే బార్ వాడిన మరొక కొలత నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. బహిరంగ సభలో ఉపన్యాసం మీకు వినిపిస్తుందా అని అతడు అందరినీ అడిగాడు. వినడం కష్టమనో, అసలు వినపడదనో చెప్పినవారు తపాలా బంట్రోతుల్లో 100కి 8 మంది, పోతపనివారిలో 12 మంది, బాయిలరు పనివారిలో 75 మంది.

ఈ అంకె అర్థమేమిటి? నూరుమందిలో డెబ్బైఐదుగురు తమ సంఘం సమావేశానికి వెళ్లినా అక్కడ ఏం తీర్మానించారో వినలేరు. చర్చలో లేచి ప్రశ్న అడగలేరు. అడిగినా జవాబు అందదు. కూలిపెంపు గురించి, పనిగంటల గురించి మాట్లాడుకోవడానికి వచ్చిన సభలో వాళ్లు మూగ సాక్షులు. మోత మొదట శ్రామికుని చెవిని తీసుకుంటుంది, ఆ తరువాత అతడు నలుగురిలో కూర్చొని మాట్లాడే హక్కును తీసుకుంటుంది. ఈ రెండవ నష్టం ఏ వైద్య పట్టికలోనూ ఎక్కదు.

బట్టల మిల్లుల్లో కథ మరోవిధంగా నడిచింది. ఇంగ్లండులోని లంకాషైర్ నూలు మిల్లుల్లో పనిచేసే స్త్రీలు మగ్గాల మోతలో గొంతు వినపడక, పెదవులను అతిగా కదిలిస్తూ, ముఖకవళికలతో, సైగలతో మాట్లాడుకునే ఒక పద్ధతిని తయారుచేసుకున్నారు. 'మీ-మా' అని దానికి పేరు. మిల్లు బయట కూడా వాళ్లు అలాగే మాట్లాడేవారు. దీనిని జానపద సంపదగా మెచ్చుకుంటూ రాసినవారు ఉన్నారు. మెచ్చదగినదే, సందేహం లేదు. ఐతే దెబ్బతిన్నవారు దెబ్బను తట్టుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. దానిని కళగా మాత్రమే చూసి చప్పట్లు కొడితే దెబ్బ కొట్టినదేదో కనుమరుగవుతుంది.

స్కాట్లండులోని డండీ నగరం జనపనార నేతకు ప్రసిద్ధి. అక్కడి నేతగత్తెల వినికిడిని టేలర్, అతని సహచరులు పరీక్షించి 1965లో ఫలితాలు ప్రచురించారు. మగ్గాల దగ్గర మోత సుమారు 100 డెసిబెల్స్. పనిలో చేరిన మొదటి 10, 15 ఏళ్లలోనే నష్టం వేగంగా జరిగిపోతుందని తేలింది. డండీతో మనకేం సంబంధమని అనుకోనక్కరలేదు. ఆ నగరపు మగ్గాలకు నార బెంగాల్ నుండి వెళ్లేది. అవే రకం మగ్గాలు తరువాత హుగ్లీ నది ఒడ్డుకు వచ్చాయి. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి వలసపోయిన తెలుగువారు ఆ మిల్లుల్లో తరాల తరబడి పనిచేశారు. నెల్లిమర్ల, చిట్టివలస, గుంటూరు, ఏలూరులలో జనపనార మిల్లులు వెలిశాయి. యంత్రంతోపాటు మోత వచ్చింది. మోతను కొలిచే పరిశోధన మాత్రం యంత్రం వచ్చినంత వేగంగా ఇక్కడికి రాలేదు.

ఇక రచయితల, కళాకారుల సంగతి. 1913లో ఇటలీ భవిష్యద్వాది లూయిజీ రుస్సోలో మోతల కళ అనే ప్రకటన వెలువరించాడు. యంత్రాల హోరే కొత్త యుగపు సంగీతమని ప్రకటించి, మోత పుట్టించే వాద్యాలను కూడా తయారుచేశాడు. అతడు యుద్ధాన్నీ యంత్రాన్నీ ఆరాధించిన వర్గానికి చెందినవాడు గనుక మనకు ఆశ్చర్యం కలగదు. మన పక్షాన జరిగినదాన్ని చూడాలి. 1922 నవంబరు 7న, అక్టోబరు విప్లవపు ఐదవ వార్షికోత్సవం నాడు, బాకూ నగరంలో అర్సేనీ అవ్రామోవ్ 'సైరన్ల సింఫనీ' నిర్వహించాడు. కర్మాగారాల కూతలు, కాస్పియన్ సముద్రంలోని ఓడల హారన్లు, ఫిరంగులు, జనసమూహపు గానం అన్నీ కలిపి ఒక నగరాన్నే వాద్యంగా మార్చాడు. ఎత్తైన కట్టడం మీద నిలబడి జెండాలతో సంజ్ఞలు చేస్తూ నడిపించాడు. గొంతు వినపడదు గనుక సైగలు! లంకాషైర్ నేతగత్తె చేసిందీ అదే. ఒకచోట అది ఉత్సవం, మరోచోట రోజుకూలి.

శ్రామికుడు మిల్లుకూతను తన కూతగా చేసుకోవాలన్న ఆ ఆశయంలో గొప్పతనం ఉంది. దానిని కాదనడం నా ఉద్దేశం కాదు. మన అభ్యుదయ కవిత్వం కూడా ఆ గాలి పీల్చినదే. సమ్మెట మోత, సైరను కూత, చక్రాల చప్పుడు మన కవితల్లో మేల్కొలుపుకు ప్రతీకలయ్యాయి. నిద్రపోతున్న సమాజాన్ని లేపే శబ్దం కావాలి గనుక కవి కార్ఖానా వైపు చూశాడు. ఐతే ఆ శబ్దాన్ని కవి గేటు బయట నిలబడి విన్నాడు. బయట విన్నవానికి అది పిలుపు. లోపల ఎనిమిది గంటలు, పన్నెండు గంటలు ఉన్నవానికి అది గాయం. ప్రతీక ఎంత బలమైనదైతే దాని వెనుక ఉన్న చెవి అంతగా మరుగునపడింది. నేను చదివినంత మేరకు మన కథల్లో దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన కార్మికుడు కనిపిస్తాడు, యంత్రంలో చెయ్యి పోగొట్టుకున్నవాడు కనిపిస్తాడు. పనివల్ల చెవి పోగొట్టుకున్నవాడు మాత్రం అరుదు. రక్తం కనపడదు, దగ్గు వినపడదు, నొప్పి ఉండదు. అందువల్ల కథకు పనికిరాడేమో!

ఆ గాయం ఎలాంటిదో తెలుగు పంతులుగా నాకు అర్థమైనంత చెబుతాను. చెవి లోపల నత్తగుల్ల ఆకారపు భాగంలో శబ్దాన్ని పట్టుకునే సూక్ష్మమైన కణాలు ఒక్కొక్క చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. మోతకు అవి నలిగి చచ్చిపోతాయి. మనిషిలో అవి మళ్లీ పుట్టవు. మొదట పోయేవి హెచ్చు స్థాయి శబ్దాలను, అంటే సెకనుకు 4000 కంపనాల దరిదాపుల్లోని వాటిని, అందుకునే కణాలు. మాటల్లో అచ్చులు తక్కువ స్థాయిలో బలంగా ఉంటాయి గనుక అవి చాలాకాలం వినిపిస్తూనే ఉంటాయి. శ, ష, స అనే ఊష్మాలు, క, చ, ట, త, ప అనే పరుషాలు హెచ్చు స్థాయిలో బలహీనంగా ఉంటాయి గనుక అవి ముందు జారిపోతాయి. పాలు, కాలు, చాలు అనే మూడు మాటలూ అతని చెవిలో ఒకే మాట అవుతాయి. కాబట్టి అతడు నాకు వినపడటంలేదని అనడు, మీరు సరిగా మాట్లాడటం లేదంటాడు. పిల్లల గొంతు, స్త్రీల గొంతు మొదట దూరమవుతాయి. గట్టిగా అరిస్తే శబ్దం పెరుగుతుంది గాని మాట తేటపడదు.

మన భాషలో 'వినడు', 'వినపడదు' అనే రెండు మాటలున్నాయి. మొదటిది స్వభావం, రెండవది స్థితి. నేను పనిచేసే పాఠశాల సిరిసిల్ల ప్రాంతంలో సాంచాల వీధులకు దగ్గరలో ఉంది. తల్లిదండ్రుల సమావేశాల్లో తల్లులు నాతో తరచు చెప్పే ఫిర్యాదు ఒకటే: "మా ఆయన మాట ఇనడు సార్." ఆ ఆయనతో మాట్లాడి చూస్తే తెలుస్తుంది. నేను హాజరుపట్టీలోకి చూస్తూ మాట్లాడితే జవాబు రాదు, ముఖం ఎత్తి మాట్లాడితే వస్తుంది. కన్ను నా పెదవుల మీద ఉంటుంది. పక్కనున్న కూతురు నా మాటను తిరిగి చెబుతుంది. వినపడనివాడు ఇంట్లో విననివాడుగా మారిపోయాడు. వృత్తి తెచ్చిన జబ్బు మనిషి గుణమై కూర్చుంది. భార్యాభర్తల మధ్య, తండ్రీకూతుళ్ల మధ్య ఎన్ని తగవులు ఈ ఒక్క క్రియాపదపు పొరపాటు మీద నడుస్తున్నాయో ఎవరూ లెక్కించలేదు.

చట్టం ఏం చేసిందో చూద్దాం. చాలాకాలం చట్టానికి చెవి అంటే కూలి. కూలి తగ్గకపోతే నష్టం లేనట్టే. చెవిటివాడైనా సుత్తి కొట్టగలడు గదా! అమెరికాలో ఈ తర్కం 1948లో మొదటిసారి దెబ్బతిన్నది. ఇనుమును సమ్మెటయంత్రంతో మలిచే కర్మాగారంలో పనిచేసిన స్లావిన్‌స్కీ అనే కార్మికుని వ్యాజ్యంలో, కూలి తగ్గకపోయినా వినికిడి పోవడమే నష్టమని న్యూయార్క్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం అంగీకరించింది. బ్రిటన్‌లో 1963లో ప్రభుత్వం 'మోత – కార్మికుడు' అనే అర్థం వచ్చే శీర్షికతో చిన్న పుస్తకం ప్రచురించింది. 1971లో ఓడల పంకాలు చెక్కే ఒక కార్మికుడు కోర్టులో గెలిచాడు. 1984లో ఓడల మరమ్మతు కార్మికుల వ్యాజ్యాల్లో న్యాయమూర్తి మస్టిల్ ఇచ్చిన తీర్పు మన వాదానికి కీలకం. 1963 నుండి యజమానులు బాధ్యులే. అంతకుముందు జరిగిన నష్టానికి కారు. ఎందుకంటే ఆ పరిశ్రమలో అంతవరకు ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకోకపోవడమే వాడుక అయినచోట ఒక్క యజమానిని అశ్రద్ధ చేశాడనడం కుదరదు.

బార్ లెక్క తేల్చింది 1886లో. కోర్టు దృష్టిలో బాధ్యత మొదలైంది 1963లో. నడుమ 77 ఏళ్లు. ఆ కాలంలో బాయిలర్ల పేటల్లో చెవుడు ఎవరికీ తెలియనిది కాదు. దానికి 'బాయిలరు పనివారి చెవుడు' అనే పేరే ఉంది. అందరూ ఎరిగి అందరూ ఊరుకున్నారు గనుక నేరం లేదు! ఊరుకోవడం కూడా సాక్ష్యంగా పనికివస్తుందనీ, అది ఎప్పుడూ యజమాని పక్షానే చెల్లుతుందనీ దీనివల్ల మనం గ్రహించాలి.

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో మోతవల్ల వచ్చే చెవుడు తరువాతి సవరణలతో తెలియజేయవలసిన వ్యాధుల జాబితాకెక్కింది. మాదిరి నియమాలు 8 గంటల పనికి 90 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టాయి. గనులకు 1975లో వచ్చిన సర్క్యులరు 85ను హెచ్చరికగా, 90ని ప్రమాదంగా పేర్కొన్నది. ఈ అంకెల మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కాని డెసిబెల్ సాధారణ కొలత కాదు. 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపు, 10 పెరిగితే పదింతలు. 85ను హద్దుగా అమెరికా పరిశోధన సంస్థ 1972లోనే సిఫారసు చేసింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా నియమావళి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. దాని జాబితాలోనూ ఈ వ్యాధి ఉంది. అదే నియమావళి విద్యుత్తుతో నడిచే ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్యను 10 నుండి 20కి పెంచింది. సిరిసిల్లలో ఆసామి షెడ్డులో ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఒక్కొక్కరు పలు సాంచాలు చూసుకుంటారు. కూలి మీటరు లెక్కన. వాళ్లు పాత లెక్కలోనూ లేరు, కొత్త లెక్కలోనూ లేరు. వ్యాధి పేరు చట్టంలో ఉంది, రోగి చట్టం బయట ఉన్నాడు.

చెవుల్లో ఏదైనా పెట్టుకోవచ్చు గదా అని చదువుకున్నవారు సులభంగా అంటారు. ఒక నేతకార్మికుణ్ణి అడిగితే అతడన్న మాట ఇది: "సాంచ కాడ చెవులు మూసుకుంటె ఎట్ల సార్? పోగు తెగితె సప్పుడు మారుతది. గది ఇనాలె గద." అతని నైపుణ్యం చెవిలో ఉంది. పోగు తెగిన సంగతి ఆలస్యంగా తెలిస్తే బట్ట చెడుతుంది, కూలి కోతపడుతుంది. తన చెవిని కాపాడుకోవడానికి తన కూలిని పణంగా పెట్టమని అతణ్ణి అడుగుతున్నామన్నమాట. పైగా దూదిపింజ పెట్టుకుంటే రక్షణ అని చాలామంది భ్రమపడతారు. దూది మోతను ఆపేది స్వల్పం.

ఈ విషయంలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో చేసిన 148వ ఒడంబడిక ఒక వరుసక్రమాన్ని నిర్ణయించింది. ముందు సాంకేతికంగా యంత్రం వద్దనే మోతను తగ్గించాలి. అది చాలకపోతే పని ఏర్పాటును మార్చి మోతలో ఉండే సమయాన్ని తగ్గించాలి. అదీ చాలనప్పుడే చెవి కవచాలు, వాటిని యజమానే ఇవ్వాలి. అరిగిన భాగాలు మార్చడం, వదులైనవి బిగించడం, యంత్రం కింద రబ్బరు దిమ్మెలు వేయడం, రేకుల కప్పునుండి, గోడలనుండి మోత తిరిగి కొట్టకుండా చూడడం, కాపురపు గదిని షెడ్డునుండి వేరుచేయడం, ఏడాదికొకసారి వినికిడి పరీక్ష జరిపించడం, వీటిలో ఏదీ మహాద్భుతమైన విజ్ఞానం కాదు. ఐతే మనవద్ద ఈ క్రమం తలకిందులుగా ఉంది. ఏమీ చేయకపోవడం మొదటిది, కవచం ఇవ్వడం రెండవది, ఇచ్చినా పెట్టుకోలేదని కార్మికుణ్ణి తప్పుపట్టడం మూడవది. పాతికేళ్లు పన్నెండు గంటల షిఫ్టు చేసినవాని చెవుడును వయసు మీద నెట్టివేయడం చివరిది.

ఇందులో రచయిత చేయవలసినదేమిటి? డెసిబెల్స్ లెక్కలు కథలో పెట్టమని నేను అనడం లేదు. అధికారికంగా ఎవరూ ఒప్పుకోని సంగతికి సాక్ష్యం తయారుచేయడం రచయిత చేయగల పని. వెనిస్ పేటలో రమజ్జీని చేసింది అదే. కార్మికుడు సభలో ఎందుకు వెనుక వరుసలో మౌనంగా కూర్చుంటున్నాడో, ఇంట్లో టీవీ శబ్దం ఎందుకంత పెంచుతున్నాడో, మనవరాలు చెప్పిన కథకు అందరికంటె ఆలస్యంగా ఎందుకు నవ్వుతున్నాడో చూసి, అడిగి, తేదీతో పాటు రాయగలిగితే, రేపు ఏ న్యాయస్థానమూ ఇది ఎవరికీ పట్టని సంగతని అనలేదు. మన సభల విషయంలో కూడా ఒక చిన్న సూచన చేస్తాను. సాంచాల ఊళ్లలో, గనుల ఊళ్లలో మనం సాహిత్యసభలు పెట్టినప్పుడు ఉపన్యాసకుని ముఖం మీద వెలుతురు పడేటట్టు దీపం అమర్చాలి. తీర్మానాలను అచ్చువేసి సభలోనే పంచాలి. వెనుక వరుసలో ఉన్నవారిని పిలిచి ముందు కూర్చోబెట్టాలి. శ్రామికుల కోసం రాస్తున్నామని చెప్పుకునే మనం మొదట వారికి అందేలా మాట్లాడడం నేర్చుకోవాలి.